రుద్రంగి దాటినంక

పోయిన జూన్‌లో ఒక సాయంత్రం, సిరిసిల్ల నుంచి కోరుట్లకు తిరిగివస్తున్న పల్లెవెలుగు బస్సు రుద్రంగి దాటగానే, కండక్టర్ వసంతకు కింది పెదవి లేకుండా పోయింది. చేత్తో తడిమి చూసుకుంటే ఉంది. పన్ను పీకించుకునే ముందు మత్తు సూది వేసినట్టు, ఎవరిదో తోలుముక్క తెచ్చి మొహానికి అతికించినట్టు ఉంది. తర్వాత చేతివేళ్ళలో చీమలు పారాయి. ఆ వెనక గుండె. ఇన్నేళ్ళుగా ఉందో లేదో తెలియకుండా తన పని తాను చేసుకుపోయిన గుండె ఒక్కసారిగా పక్కటెముకలను తన్నడం మొదలుపెట్టింది. కాళ్ళ కింద బస్సు నేల దూదిలా దిగబడింది. సచ్చిపోతున్న అనుకుంది వసంత. టికెట్ మిషన్ ఒళ్ళోంచి జారి పగిలితే మెమో ఇస్తారని కూడా అనుకుంది. రెండూ ఒకేసారి అనుకుంది, రెండు చేతులతో మిషన్నే పట్టుకుంది.

ముందు సీట్లలో ఉన్న ఏడుగురిలో ఒక్కరూ వెనక్కి తిరిగి చూడలేదు. కథలాపూర్ వచ్చేసరికి అంతా తగ్గింది. "కథలాపూర్, కథలాపూర్! దిగుండ్రి జల్ది" అని అరిచింది. గొంతు ఎప్పటి గొంతే.

అప్పటికి వసంతకు నలభై నాలుగేళ్ళు, పందొమ్మిదేళ్ళ సర్వీసు. పుట్టింది బీర్పూర్‌లో, తాళ్ళెక్కి కల్లు గీసే గౌడుల ఇంట్లో. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడు రాజును చదివించడానికి తన బతుకు ధారపోసిందని బీర్పూర్‌లో చెప్పుకుంటారు. ఒట్టి మాట. రాజు పదో తరగతి రెండుసార్లు తప్పి తనంతట తానే బడి మానేశాడు. వసంతకు మూడు సంబంధాలు వచ్చాయి. మొదటివాడు నౌకరీ మానెయ్యమన్నాడు. రెండోవాడు ఏటీఎం కార్డు తన జేబులో ఉండాలన్నాడు. మూడోవాడు మంచివాడే, వసంతకు నచ్చలేదు. ఆడమనిషి ఒక్కతే ఉందంటే దాని వెనక ఒక త్యాగమో, ఒక ద్రోహమో ఉండితీరాలని మనవాళ్ళ పట్టుదల. నచ్చలేదంటే ఎవరికీ కథ దొరకదు.

అయినా ఆమె అసలు ఒక్కతే ఉన్నది ఎక్కడ? కోరుట్లలో నర్సక్క ఇంటి మీది గదిలో పదకొండేళ్ళు మాధవితో కలిసి ఉంది. మాధవిదీ అదే డిపో, అదే ఖాకీ. సిరిసిల్ల పద్మశాలి ఇంటి పిల్ల, మొగుడు సతీశ్ దుబాయిలో. ఇద్దరి డ్యూటీలు ఎన్నడూ కలిసేవి కావు. ఒకరు పొద్దున పోతే ఇంకొకరు మాపటికి వచ్చేవారు, ముందు వచ్చినవారు వండేవారు. పచ్చిపులుసులో బెల్లం వెయ్యాలని మాధవి, వేస్తే అది పచ్చిపులుసు కాదు పానకమని వసంత. పదకొండేళ్ళలో ఆ తగవు తెగలేదు. మాధవి నిద్దట్లో కూడా "లోపలికి జరుగుండ్రి" అని కేకేసేది. "ఇంట్లకెల్లి ఇంకేడికి జరగాల్నే?" అని వసంత దుప్పటి లాగేది.

ఆ ఏడు ఫిబ్రవరిలో సతీశ్ దుబాయి చాలించుకుని వచ్చేశాడు. సిరిసిల్లలో మగ్గాల కార్ఖానాలో పనికి కుదిరాడు. మాధవి సిరిసిల్ల డిపోకు బదిలీ పెట్టుకుంది. రెండు సంచులు, ఒక కుక్కర్ ఆటోలో పెట్టుకుని వెళ్ళిపోయింది. మంచిదే జరిగింది. ఎవరూ ఎవరికీ అన్యాయం చెయ్యలేదు.

మొగుడు చస్తే పన్నెండు రోజులు కూర్చుని ఏడ్చేందుకు మనకు పద్ధతి ఉంది. కొడుకు వేరుపడితే చుట్టాలొచ్చి ఓదారుస్తారు. గదిలో ఉన్న మనిషి బదిలీ మీద పోతే? ఆ మాట ఎత్తితేనే నవ్వుతారు. వసంత ఎత్తలేదు. నిజానికి ఆమెకు తోచనూ లేదు. మంచం కిటికీ పక్కకు జరుపుకోవడానికి జాగా దొరికిందని మాత్రం అనుకుంది. జరిపింది కూడా.

తిమ్మిర్లు మొదలయ్యాక మూడు నెలల్లో ఆమె చేయించుకోని వైద్యం లేదు. వాడకట్టు ఆరెంపీ డాక్టర్ పొట్ట నొక్కి చూసి, "గ్యాస్ అక్కా. గుండెకాడికి ఎగదంతాంది" అని రెండు సెలైన్ బాటిళ్ళు ఎక్కించాడు. కోరుట్లలోనే పెద్దాసుపత్రికి పోతే ఈసీజీ తీశారు, గుండె స్కానింగ్ తీశారు, థైరాయిడ్, షుగర్, రక్తం అన్నీ చూశారు. అన్నీ నార్మల్. ఆ మాట వింటే ఎవరికైనా ఊపిరి వస్తుంది. వసంతకు కోపం వచ్చింది. జబ్బుకు పేరుంటే పేరుతో తిట్టుకోవచ్చు, పేరు చెప్పి సెలవు అడగొచ్చు. నార్మల్ అని రాసిన కాగితం పట్టుకుని ఎవరి దగ్గరికి పోవాలి?

ఇంటి ఓనరు నర్సక్కకు మాత్రం పేరు తెలుసు. చాటలో తునికాకు పెట్టుకుని బీడీలు చుడుతూ, చెయ్యి ఆపకుండానే తేల్చేసింది. "దిష్టి బిడ్డా. పొద్దుందాక వందమంది కండ్లు నీ మీదనే ఉంటయి. తగలకపోతే ఏమైతది?"

"నన్నెవలు సూస్తరు నర్సక్కా? అందరు సీట్లు సూస్తరు."

"నోరు ముయ్యి, కూసో గీడ."

ఉప్పు, ఎండుమిరపకాయలు తలచుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. "సూసినవా, జర్రంత గూడ ఘాటు రాలే! గంత దిష్టి ఉన్నది." మర్నాడు మళ్ళీ తీసింది. ఈసారి ఇద్దరూ దగ్గలేక చచ్చారు. "సూసినవా, పోతాంది!" అని నర్సక్క కళ్ళు తుడుచుకుంది. ఏది జరిగినా తన మాటే నెగ్గే శాస్త్రం నర్సక్కది. పెద్దాసుపత్రి కన్నా ఇదే నయం. అక్కడ ఏది జరిగినా ఎవరి మాటా నెగ్గలేదు.

తమ్ముడు రాజు ఫోన్లో నవ్వాడు. "తాళ్ళెక్కెటోని బిడ్డవు నువ్వు. నాయిన గంత ఎత్తు ఎక్కిండు, నీకు బస్సు మెట్లెక్కుతె దడనా అక్కా?"

వసంతకు కూడా నవ్వొచ్చింది, కానీ ఫోన్ పెట్టేశాక వేరేది గుర్తుకొచ్చింది. కొన్ని పొద్దులు నాయిన మోకు నడుముకు బిగించుకుని, చెట్టు మొదట్లో ఒక కాలు ఆనించి, కాసేపు అట్లాగే నిలబడి వెనక్కి వచ్చేసేవాడు. "ఇయ్యాల కాళ్ళు ఒప్పుతలెవ్వు" అనేవాడు. అమ్మ లింగవ్వ ఎందుకని అడిగేది కాదు. చాయ్ పెట్టేది. మిగతా గౌడులు ఆ పూట అతని తాళ్ళు కూడా గీసుకొచ్చేవారు. కాళ్ళు ఒప్పకపోవడం ఆ ఇంట్లో వానపడటం లాంటిది, దానికి సంజాయిషీ ఉండదు. నాయినను ఎవరూ పిరికివాడనలేదు. బస్సుకు ఆ వసతి లేదు. కాళ్ళు ఒప్పినా ఒప్పకపోయినా ఐదూ పదికి ప్లాట్‌ఫాం వదలాలి.

ఇక డిపోలో ఆమె జబ్బుకు కారణం అందరికీ ముందే తెలుసు: మంది. ఆడవాళ్ళకు టికెట్ పైసలు లేకుండా చేసినప్పటి నుంచి బస్సుల్లో ఊపిరాడటం లేదు, నిజమే. కానీ ఆ సంగతి మీద ముందే కడుపుమంట ఉన్న మగవాళ్ళకు వసంత తిమ్మిరి చేతికి దొరికిన సాక్ష్యమైంది. క్యాంటీన్‌లో చాయ్ తాగుతూ ఆమె ముందే ఆమె గురించి మాట్లాడేవారు.

"వసంతక్కను సూడుండ్రి. గా మందిల నలిగి నలిగి నరాలు పోయినయి."

"నరాలు పోలేదు తమ్మీ, గీడనే ఉన్నయి" అనేది ఆమె.

డ్రైవర్ వెంకటేశం మాత్రం పెద్దగా మాట్లాడడు. ఆరేళ్ళుగా ఆమెకు జోడీ. ఒకసారి స్టీరింగ్ మీద గుడ్డతో తుడుస్తూ, "మందే అయ్యుంటది వసంతా. నాకు ఎనుక కడ్డీలు అడ్డమున్నయి, నీకేమున్నది?" అన్నాడు. వసంతకూ అదే నిజమనిపించింది. వారానికోసారి వచ్చే సెలవు నాడు గదిలో పడుకుని ఉన్నా తిమ్మిరి వచ్చేది. ఆరు రోజులు తొక్కిసలాటలో నలిగిన ఒళ్ళు ఏడోరోజు కసి తీర్చుకుంటుందని సరిపెట్టుకుంది. ఒకసారి కారణం దొరికిందనుకుంటే మనిషి దానికి ప్రతిదాన్నీ ఒప్పిస్తాడు.

సెప్టెంబర్‌లో డిపో ఆఫీసు గుమాస్తా కుమార్ ఆమెను పక్కకు పిలిచాడు. మిషన్లు ఇచ్చే గదిలో పనిచేసే మనిషి రిటైరవుతున్నాడు. ఆ కుర్చీ ఇప్పించడానికి మేనేజర్ ఒప్పుకున్నాడు. బస్సు మీద పని పడదని డాక్టర్ కాగితం తెచ్చి, దరఖాస్తు మీద సంతకం పెడితే చాలు.

"పొద్దుగాల మిషన్లు ఇచ్చుడు, మాపటికి తీస్కునుడు. నడుమల ఒక్కదానివే అక్కా, ఒక్కడు లోపటికి రాడు. ఫ్యానున్నది, కుర్సీ ఉన్నది. రాణి లెక్క ఉంటవు."

"మళ్ళ బస్సు మీదికి రావాల్నంటే?"

"ఒకసారి అన్‌ఫిట్ అని రాసినంక ఎట్లొస్తవక్కా? పైకెళ్ళి ఆర్డర్ రావాలె. గీ నెల ఆఖరి శనివారం లోపట తేల్చు, ఆ కుర్సీకి ఇంకా ముగ్గురున్నరు."

ఒక సంతకం. అది పెడితే పందొమ్మిదేళ్ళ రోడ్డు అయిపోతుంది. పెట్టకపోతే, రుద్రంగి దాటాక ఏదో ఒకరోజు మిషన్‌తో సహా కింద పడిపోతుంది. వసంత అప్పటికి సగం మనసుతో ఒప్పుకునే ఉంది. కాగితం కోసమే జగిత్యాల పోయింది.

జగిత్యాల డాక్టర్ గోవర్ధన్ చిన్నవాడు, నిదానస్తుడు. రిపోర్టుల కవర్ మొత్తం తిరగేశాడు, గుండె విన్నాడు, మోకాళ్ళ మీద సుత్తితో కొట్టి చూశాడు.

"టెన్షన్ ఏమన్న ఉన్నదా అమ్మా?"

"ఏం టెన్షన్ సార్? పెండ్లా, పిల్లలా?"

"ఎప్పుడస్తది గిది?"

"ఎప్పుడంటే అప్పుడే."

"గట్ల కాదు. వారం పది రోజులు రాసుకొని రాండ్రి. ఎన్ని గంటలకు, ఏడున్నప్పుడు. గా రెండు సాలు. కాగితం అప్పుడు రాసిస్త."

రాయడం వసంతకు కొత్త కాదు. టికెట్ రోల్ చివర మిగిలిపోయే కాగితం ముక్క తీసుకుని, వెనకవైపు గీతలు కొట్టింది. టైం. స్టేజీ. చెయ్యి అక్కడ ఆగలేదు, ఇంకో గీత కొట్టి మూడో గడి చేసింది: బస్సులో ఎంతమంది. డాక్టర్ అడగలేదు. కానీ పందొమ్మిదేళ్ళుగా ఏ స్టేజీ దగ్గర ఏ చెకింగ్ మనిషి ఎక్కి "ఎంతమంది?" అన్నా తడుముకోకుండా చెప్పడమే ఆమె పని. నిద్రలేపి అడిగినా చెప్తుంది. టైము, స్టేజీ రాసి తలకాయలు రాయకపోతే ఆ చేతికి అది పూర్తయిన లెక్కలా అనిపించదు. తిమ్మిరి ఎక్కిన వేళ్ళతోనే, వంకర అంకెలతో, వచ్చినప్పుడల్లా మూడు గడులూ నింపింది.

రెండోసారి పోయింది సెలవు రోజున. కోరుట్ల నుంచి జగిత్యాల బస్సులో మామూలు చీర కట్టుకుని ప్యాసింజర్‌లా కిటికీ పక్కన కూర్చుని, డాక్టర్‌కు చూపేముందు ఒకసారి చూసుకుందామని ఆ కాగితం తీసింది. మొదటి రెండు గడులు చదివింది. సాయంత్రాలు ఎక్కువ, మధ్యాహ్నాలూ ఉన్నాయి. రుద్రంగి దాటినంక ఐదుసార్లు, వేములవాడలో ఒకసారి, సిరిసిల్ల బస్టాండ్‌లో ఒకసారి. ఏమీ తెగలేదు. మూడో గడి మీదికి చూపు జారింది.

ఏడు. నాలుగు. తొమ్మిది. ఆరు. మూడు. వేములవాడది ఐదు, గుడికొచ్చిన మంది మొత్తం ఒకేసారి దిగిపోయిన రోజది. సిరిసిల్ల బస్టాండ్‌ది సున్నా, బస్సు ప్లాట్‌ఫాం మీద ఖాళీగా నిలబడి ఉంది.

చెకింగ్ వాళ్ళు తప్పుడు లెక్కను చూసినట్టు కింది నుంచి పైకి మళ్ళీ చూసింది. ఎక్కడా పది దాటలేదు. ఆ సోమవారం వేములవాడకు నూట పద్దెనిమిది మంది ఎక్కారు. ఫుట్‌బోర్డు మీద ఒకామె బిడ్డను వసంత భుజం మీదే వేసి టికెట్ అడిగింది. ఆ గంటన్నరలో ఆమెకు పెదవి ఉందన్న సంగతే గుర్తు రాలేదు. కాగితంలో సోమవారం పొద్దటి గీత లేదు.

నిమిషం కింద కిటికీలోంచి గాలి వస్తుంటే బాగుందనుకున్న మనిషి, టికెట్ లేకుండా దొరికిపోయిన ప్యాసింజర్‌లా కాగితం మడిచి జాకెట్‌లో దాచుకుంది. చుట్టూ చూసింది. ఎవరూ చూడటం లేదు.

డాక్టర్ కాగితం చూడకముందే, ఒక పని చేద్దామన్నాడు. "నోటితోటి ఊపిరి తీయుండ్రి. గట్టిగ, జల్ది జల్ది, కుక్క రొప్పినట్టు. నేను ఆపమనేదాక."

నర్సు పక్కన నిలబడింది. వసంతకు నవ్వొచ్చింది. నవ్వుతూనే మొదలుపెట్టింది. నిమిషం దాటిందో లేదో నవ్వు పోయింది. వేళ్ళలో చీమలు. పెదవి మొద్దు. టేబుల్ అంచు రెండు చేతులతో పట్టుకుంది.

"గిదేనా?"

"గిదే సార్! అచ్చం గిదే! ఏం జేసిండ్రు నన్ను?"

"నేనేం జెయ్యలే. మీరే జేసిండ్రు. ఇగ మెల్లగ తీయుండ్రి, ముక్కుతోటి."

తగ్గేదాకా ఆగి, చెప్పాడు. లోపల కలవరం ఉంటే మనిషికి తెలియకుండానే ఊపిరి వేగం అవుతుంది, రక్తంలో ఉండాల్సిన గాలి లెక్క తప్పుతుంది, అప్పుడు వేళ్ళూ పెదాలూ తిమ్మిరెక్కుతాయి, గుండె దడదడలాడుతుంది. అది నటన కాదు, ఒంట్లో నిజంగానే జరుగుతుంది.

వసంత ఊరుకోలేదు. "నాకు ముంగట తిమ్మిరస్తది సార్. ఆ తర్వాతనే భయమైతది. మీరు భయం ముంగట అంటున్నరు."

డాక్టర్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "కొందరికి మీరు చెప్పినట్టే అస్తది. ఏది ముందో నాకు తెల్వదు. టెస్టులల్ల ఏం దొరకలే కాబట్టి గిది కావచ్చు అంటున్న. కావచ్చు అనే అంటున్న. ఆర్నెల్లకోపారి రాండ్రి, సూస్కుంట ఉందాం. ఎడమ చెయ్యి గుంజినా, నడిస్తే ఛాతి బరువైనా మాత్రం ఆగకుండ్రి." తర్వాత ఆమె తీసిచ్చిన టికెట్ కాగితం విప్పాడు. "గీ మూడోది ఏంది?"

"బస్సుల ఎంతమందో, గది."

ఆ అంకెల మీద అతని వేలు పైనుంచి కిందికి ఒకసారి పోయింది. "ఇంట్ల ఎంతమంది?"

"ఒక్కదాన్నే" అంది వసంత. రిపోర్టుల కవర్ జిప్ లాగింది. అది సగంలో ఇరుక్కుంది, ఎంత లాగినా రాలేదు.

"మరి మందిల పనిచెయ్యొద్దని కాగితం రాయాల్నా?"

"రేపు ఎల్లుండి చెప్త సార్" అంది, జిప్ అట్లాగే వదిలేసి.

శుక్రవారం సిరిసిల్ల బస్టాండ్‌లో మాధవి కనిపించింది. ఇన్ని నెలలూ కనిపిస్తూనే ఉంది, వసంతే పక్కకు తప్పుకునేది. ఎందుకు తప్పుకుంటుందో తనను తాను అడగలేదు. ఈసారి వెతుక్కుంటూ పోయింది. మాధవి వేములవాడ బస్సు మెట్ల మీద కూర్చుని టిఫిన్ డబ్బా తెరుస్తోంది.

"ఏమే దొంగముండా, బతికే ఉన్నవా?" అంది మాధవి. "ఫోన్ చేస్తే ఎత్తవు. గీ కోరుట్లోళ్ళకు గంత కొవ్వా?"

"డ్యూటీల ఉంటున్న."

"నాకు డ్యూటీ లేదా? పట్టు, తిను. పచ్చిపులుసు."

వసంత ఒక ముద్ద పెట్టుకుంది. బెల్లం లేదు. అడిగితే, సతీశ్‌కు తీపి పడదని మాధవి చెప్పింది. చెప్తూ నవ్వింది. సతీశ్ మగ్గాల మోతలో పనిచేసి వచ్చి ఇంట్లో కూడా అరిచి మాట్లాడుతున్నాడని, అత్త చెవిటిదవడం వల్ల ఇల్లు సాగుతోందని చెప్పింది. ఆమె బాగుంది. ముఖం నిండింది.

"ఇంకెవలన్న దిగిండ్రా రూంల?"

"లేదు."

"ఒక్కదానివేనా? గీ గోల లేకుంట హాయి గదనే!"

జవాబు వసంత నాలుక మీదికి వచ్చింది. మూడో గడిలో ఉన్నదంతా చెప్పాలనుకుంది. ఎట్లా చెప్పాలి? నువ్వు పోయిన కాంచి నాకు పెదవి ఉంటలేదని చెప్పాలా? మొగుడితో కాపురం చేసుకుంటున్న మనిషికి ఆ మాట చెప్తే ఆమె ఏం చేసుకుంటుంది దాన్ని? డబ్బా మూతలో పెట్టుకుని ఇంటికి తీసుకుపోతుందా?

"హాయే" అంది వసంత.

మాధవి డ్రైవర్ హారన్ కొట్టాడు. డబ్బా మూసి, "ఎత్తు ఫోను, ఎత్తకపోతే కోరుట్లకొచ్చి తంత" అని మాధవి మెట్లెక్కింది. బస్సు కదిలేదాకా వసంత నిలబడింది. అప్పుడు వేళ్ళలో మొదలైంది. చుట్టూ బస్టాండంతా జనమే, కానీ వాళ్ళు ఆమె బస్సువాళ్ళు కాదు.

మర్నాడు గడువు శనివారం, డిపో ఆఫీసుకు పోయింది. కుమార్ దరఖాస్తు టైపు చేయించి ఉంచాడు. సంతకం చోట పెన్సిల్‌తో గుర్తు కూడా పెట్టాడు.

"డాక్టర్ కాగితం ఏదక్కా?"

"తేలే. నాకద్దు తమ్మీ గా కుర్సీ."

కుమార్ ఆమెను ఎగాదిగా చూశాడు. "మంచి చాన్స్ అక్కా. మళ్ళ ఏడ్సినా రాదు."

"ఏడ్వ."

"సరే, వద్దంటే వద్దని రాసియ్యి. ఫైల్ల పెట్టాలె. రీజన్ రాయాలె మల్ల, ఊకె వద్దంటే నడువది."

వసంత తెల్లకాగితం తీసుకుని నిలబడే రాసింది. కుమార్ తీసుకుని పైకి చదివాడు. "'బస్సులో జనం ఉన్నప్పుడు నాకు ఆరోగ్యం బాగానే ఉంటున్నది. ఒక్కదాన్ని ఉన్నప్పుడే బాగుండడం లేదు. కావున నన్ను బస్సు మీదనే ఉంచగలరని...' గిదేందక్కా? గిది రీజన్ ఎట్లయితది? సార్ నవ్వుతడు."

"నవ్వనియ్యి."

"'ఆరోగ్యం కుదుటపడినందున' అని రాయి. నేన్జెప్త. నీట్‌గ ఉంటది."

"కుదుటపడలే గదరా."

"అయ్యో, పడిందని ఎవలడుగుతరు? అందరు గట్లనే రాస్తరు."

"అందరిది వాళ్ళు రాసుకోనియ్యి. ముద్ర కొట్టు, నా బస్సుకు టైం అయితాంది."

కుమార్ తల గీరుకుని ముద్ర కొట్టాడు. పక్క టేబుల్ వాళ్ళకు అప్పుడే చూపించడం మొదలుపెట్టాడని, వరండా దాటకముందే నవ్వు వినిపించి వసంతకు తెలిసింది. సాయంత్రానికి క్యాంటీన్ మొత్తానికి తెలుస్తుంది. మంది కావాలంట వసంతక్కకు. ఏడాది పాటు అంటారు. చెవుల దాకా వేడెక్కింది. అయినా వెనక్కి పోలేదు, మిషన్ తీసుకుని బస్సు దగ్గరికి నడిచింది.

ఆ సాయంత్రం తిరుగు ట్రిప్పులో వేములవాడ దాకా నిలబడ్డానికి జాగా లేదు. రుద్రంగిలో దాదాపు అందరూ దిగిపోయారు. తొమ్మిది మంది మిగిలారు. బస్సు గుట్టల మధ్యకు వచ్చింది. కింది పెదవి మెల్లగా వెళ్ళిపోవడం మొదలైంది, ఆ తర్వాత వేళ్ళు. డాక్టర్ చెప్పినట్టు ముక్కుతో నెమ్మదిగా ఊపిరి తీసింది. కొంచెం ఆగింది, పోలేదు. గుండె అందుకుంది.

వసంత కండక్టర్ సీట్లోంచి లేచింది. కడ్డీలు పట్టుకుంటూ ముందుకు పోయి, మూడో సీట్లో సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ముసలామె పక్కన కూర్చుంది. ముసలామె జరిగింది, భయంగా ఆధార్ కార్డు కోసం కొంగుముడి విప్పబోయింది.

"కార్డద్దవ్వా. ఏ ఊరు?"

"సిరిసిల్లల ఎక్కంగనే టికెట్ కొట్టినవు గదనే? మళ్ళ ఏ ఊరంటవు?"

"ఊకెనే అడిగిన. చెప్పు."

ముసలామె ఆమె మొహం వైపు, తర్వాత మిషన్ మీద బిగుసుకుపోయిన వేళ్ళ వైపు చూసింది. "కథలాపూర్."

"కథలాపూర్ల ఏడ?"

"ఊరవతల, బాయికాడ. కోడలుతోటి పడక బిడ్డ దగ్గరికి పోయిన. బిడ్డతోటి పడక మళ్ళ కోడలు దగ్గరికి పోతున్న."

"ఏమన్నది బిడ్డ?"

"ఏమనలేదో అడుగు!" అని ముసలామె సంచి కింద పెట్టి, వసంత వైపు తిరిగి కూర్చుంది. "ఇను. మొన్న ఆయితారం పొద్దుగాల..."

తిమ్మిరి ఉంది. వసంత వింటోంది.